కొర్రీగారి కక్కే పెన్ను

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. జీతం పట్టీలో తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. ఆఫీసులో అందరూ ఆయన్ని కొర్రీగారనే అంటారు. కొర్రీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కోసం చెప్పాలి. మీరు ఒక కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్తారు. అందులో ఏదో ఒక లోపం వెతికి, దాన్ని మర్యాదగా రెండు వాక్యాల్లో రాసి, కాగితాన్ని మీకే తిప్పి పంపుతారు. ఆ రెండు వాక్యాలే కొర్రీ. మామూలు గుమాస్తా కొర్రీ వేశాడంటే దాని వెనక ఏదో ఆశ ఉంటుంది. మన కొర్రీగారికి అలాంటి ఆశలేమీ లేవు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేత ఒక్కరు కూడా గుక్కెడు టీ తాగించలేకపోయారు. ఆయన కొర్రీలు వేసేది కేవలం ప్రేమ కొద్దీ.

ఊళ్ళో కొత్తగా దుకాణం తెరవాలన్నా, ఉన్న దుకాణానికి ఇంకో తలుపు పెట్టాలన్నా ఆ కాగితం ముందు కొర్రీగారి బల్ల దాటాలి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఒక విద్య అనుకుంటే, ఆయన పీకిన ఈకలతో పరుపు కుట్టించవచ్చు. అయితే చేతిరాత మాత్రం ముత్యాల కోవ. అర్జీ తిరిగొచ్చినవాళ్ళు కూడా ఆ అక్షరాలను ఒక్క నిమిషం చూసి, ఆ తర్వాతే తిట్టుకునేవాళ్ళు.

ఆ ముత్యాలన్నీ ఒకే ఒక్క పెన్నులోంచి రాలాయి. ఉద్యోగంలో చేరడానికి ముందురోజు బస్టాండు పక్క కొట్లో కొన్న పెన్ను అది. కొట్లో ఉన్నవాటిలో అంతకంటే చవకది లేదు కాబట్టి దాన్ని కొన్నాడు. మూత పగిలి ఒకసారి, క్లిప్పు విరిగి ఒకసారి, పాళీ అరిగి రెండుసార్లు అది మారిపోయింది. నిజానికి మొదటి రోజు కొన్న పెన్నులో ఇప్పుడు మిగిలింది గొట్టం ఒక్కటే. ఆ గొట్టం కక్కుతుంది. పొద్దున్నే తెల్లగా బయల్దేరిన చొక్కా సాయంత్రానికి ఎడమ జేబు కింద నీలం చెరువుతో ఇంటికొస్తుంది. ఆఫీసులో మిగతావాళ్ళందరూ బాల్‌పెన్నులకు మారి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. కొర్రీగారు మాత్రం, "నా సంతకం ఆ పాళీకే వస్తుంది, ఇంకోదానికి రాదు," అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పెన్ను ఎందుకు కక్కుతుందన్న విషయం మీద ఆయనకొక సిద్ధాంతముంది. తిండి ఎక్కువైతే మనిషి కక్కినట్టే సిరా ఎక్కువైతే పెన్ను కక్కుతుంది. అందుకని ఆయన గొట్టంలో ఎప్పుడూ సగమే పోస్తాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నిండా పోయలేదు. ఎవరైనా అడిగితే, "సగం పోస్తేనే ఇంత కక్కుతోందే, నిండా పోస్తే ఇల్లు మునగదూ?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఆ తర్కానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

ఇంట్లో ఒకరున్నారు. ఆ చొక్కాలు ఉతికే మనిషి.

ఆవిడ కుట్టుపని మనిషి. పెళ్ళికి ముందే నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఇరవయ్యారేళ్ళుగా పడకగది మూలన మిషను పెట్టుకుని ఇరుగుపొరుగుకు కర్టెన్లు, దిండు గలీబులు, పిల్లల గౌన్లు కుడుతోంది. వీధివైపు ముందుగదిలో ఒక బల్ల వేసి, బయట ఒక బోర్డు కట్టి, తన పేరుతో చిన్న దుకాణం పెట్టుకోవాలని ఆవిడ కోరిక. ఆ కోరికకు లైసెన్సు కావాలి. లైసెన్సుకు అర్జీ కావాలి. ఆ అర్జీ ఎవరి బల్ల మీదికి వెళ్తుందో మీకు తెలుసు.

పదకొండు నెలల క్రితం ఆవిడ అర్జీ రాసి, అన్నం తింటున్న మొగుడి పక్కన పెట్టింది. ఆయన ఎడమచేత్తో దాన్ని ఇవతలికి నెట్టాడు.

"ఇంట్లో నేను మొగుణ్ణి. ఆఫీసులో గుమాస్తాని. రెండూ కలిపితే నలుగురూ వేలెత్తి చూపిస్తారు. అందరిలాగే ఆఫీసుకొచ్చి వరసలో నిలబడు."

ఆవిడ వెళ్ళి వరసలో నిలబడింది. గంటన్నర తర్వాత కిటికీ దగ్గరికి చేరింది. కిటికీ అవతల మొగుడు తలెత్తకుండా రిజిస్టరు తెరిచాడు.

"అర్జీదారు వృత్తి?"

"కుట్టుపని."

"భర్త వృత్తి?"

"కొర్రీలు వెయ్యడం."

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. 'గుమాస్తా' అని రాసుకుని, "తర్వాత," అన్నాడు.

మూడు వారాలకు మొదటి కొర్రీ టపాలో ఇంటికొచ్చింది. ఆ రోజు ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే ఉండటంతో తలుపు తీసి, సంతకం పెట్టి కవరు అందుకుంది కొర్రీగారే. "నీకేదో ఆఫీసు నుంచి వచ్చిందోయ్," అని లోపలికి తెచ్చి ఇచ్చాడు. అర్జీకి ఎడమవైపు రెండు వేళ్ళ మార్జిను ఉండాలి, ఒకటిన్నర వేళ్ళే ఉంది అని అందులో రాసి ఉంది. ఎవరి వేళ్ళో రాయలేదు. ఆవిడ మళ్ళీ రాసి ఇచ్చింది. ముందుగది తలుపు ఏ దిక్కున ఉన్నదో తెలుపలేదని రెండో కొర్రీ వచ్చింది. ఆ తలుపులోంచే ఆయన రోజూ ఆఫీసుకు వెళ్తాడు. ఆవిడ దిక్కు కూడా రాసి ఇచ్చింది. మూడో కొర్రీలో ఇలా ఉంది: 'అర్జీ మీద సిరా మరక ఉన్నది. మరక లేని ప్రతి దాఖలు చేయవలెను.'

ఆవిడ ఆ మరకను వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. ఇరవయ్యారేళ్ళుగా సబ్బు పెట్టి రుద్దుతున్న నీలమే అది.

"ఇది మీ పెన్ను కక్కిన మరక," అంది.

"అయ్యుండొచ్చు. మరక ఎవరిదని రూలు అడగదు. మరక ఉందా లేదా అనే అడుగుతుంది," అన్నాడాయన. ఆ మాటంటున్నప్పుడు ఆయన ముఖంలో కపటం లేదు. నిజంగానే ఆయనకు అందులో తప్పు కనిపించలేదు. కపటం ఉంటే కనీసం కోప్పడటానికైనా వీలుండేది.

ఆవిడ నాలుగోసారి రాసి ఇచ్చింది. దానికి తనిఖీ అయింది, కొలతలయ్యాయి, ముద్రలు పడ్డాయి. ఇక మిగిలింది ఆఫీసరు సంతకం ఒక్కటే. ఆఫీసరుకు సంతకాలంటే బద్ధకం. ఆయన బల్ల మీద కట్ట పెరుగుతూ పోయింది, అర్జీ అందులోనే పడుంది.

ఇంతలో రెండు వీధుల అవతలి బడిలో మూడు వందల మంది పిల్లలకు యూనిఫారాలు కుట్టించాలన్నారు. ఆవిడ కుట్టిన గౌన్లు చూసిన హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా కబురు పెట్టింది. "పని మీకే ఇస్తాను. కానీ లైసెన్సు కాగితం మంగళవారం పొద్దున నా బల్ల మీద ఉండాలి. లేకపోతే బజార్లో పెద్ద దుకాణానికి ఇచ్చేస్తాను. నా చేతుల్లో లేదమ్మా," అంది. ఆవిడ ఇంటికొచ్చి, మిషను ముందు కూర్చుని, చాలాసేపు తొక్కకుండా చక్రం మీద చెయ్యి పెట్టుకునే ఉంది.

అప్పుడే ఆఫీసులో ఒక విశేషం జరిగింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసరు రెండు వారాల సెలవు పెట్టి, "సోమవారం నుంచి మీరే ఇన్‌ఛార్జి," అని కొర్రీగారితో చెప్పి వెళ్ళిపోయాడు. ఇన్‌ఛార్జి అంటే కుర్చీ ఒక్కటే కాదు, ఆకుపచ్చ సిరా కూడా. ఆ ఆఫీసులో నీలం సిరా ఎవరైనా వాడవచ్చు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే హక్కు మాత్రం ఆఫీసరు కుర్చీలో ఉన్నవాడిదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆకుపచ్చను దూరం నుంచే చూసి లొట్టలు వేసిన మనిషి కొర్రీగారు. ఆఫీసరు బీరువాలోంచి అటెండరు ఆ సిరాబుడ్డి తెచ్చి ఇస్తే, అది ముట్టినట్టు తనకు తానే రసీదు రాసుకుని, బుడ్డిని రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున బావమరిది వచ్చాడు. నీళ్ళ పంపులు బాగుచేయడం అతని పని. నోరు కూడా పంపులాంటిదే, ఒకసారి తిప్పితే ఆగదు. సంగతి వినగానే అక్క వైపు తిరిగాడు.

"ఇంకేంటే అక్కా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. రేపు నీ లైసెన్సు నీ చేతికొచ్చేసినట్టే!"

అక్క మొగుడి వైపు చూసింది. "పెడతారా సంతకం?"

"పెడతానోయ్. కాగితం సక్రమంగా ఉంది, ఎందుకు పెట్టను? మరక పడకుండా ఉంటే చాలు."

"పడితే?"

"పడితే రూలు రూలే. మళ్ళీ కొత్త అర్జీ, మళ్ళీ తనిఖీ. ఎనిమిది రోజులు."

"ఆ ఒక్కరోజుకి బాల్‌పెన్నుతో పెట్టొచ్చు కదండీ?"

ఆయన ఆవిడను జాలిగా చూశాడు. మొట్టమొదటి ఆకుపచ్చ సంతకం బాల్‌పెన్నుతోనా! "అందుకే కదా ఇవాళ దీన్ని బాగుచేస్తున్నాను," అంటూ లుంగీ ఎగ్గట్టి నేల మీద పాత పేపరు పరిచాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగినదాన్ని బాగుచేయడం అని ఆయన ఒక్కడే అన్నాడు. ముందు పెన్నును విప్పి పాళీ, దానికి సిరా అందించే నాలిక, గొట్టం, మూత వేర్వేరుగా పెట్టాడు. వంటింట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మంచి గిన్నె తెచ్చి, గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో నానబెట్టాడు. ముప్ఫై ఏళ్ళ నీలం బయటికొచ్చింది. గిన్నె నీలమైంది, చేతులు నీలమయ్యాయి, నడుమ ముక్కు దురద పెట్టడంతో ముక్కు కూడా నీలమైంది. బావమరిది, "బావా, పెన్ను కడుగుతున్నావా, నీకు నువ్వే రంగేసుకుంటున్నావా?" అన్నాడు.

గొట్టం బిగించే మర దగ్గరే లీకు ఉందని కొర్రీగారు నిర్ణయించాడు. బట్టల సబ్బు ముక్క తెచ్చి మర చుట్టూ రుద్దాడు. నీళ్ళు పోసి పరీక్షిస్తే, కారే నీళ్ళు ఈసారి నురగతో కారాయి. సబ్బు కడిగేసి, భార్య మిషను మీంచి తెల్లదారం రీలు లాక్కొచ్చి, ఏడు చుట్లు చుట్టి బిగించాడు. మర సగంలోనే ఆగిపోయింది. రెండు చుట్లు విప్పాడు. కారింది. ఒక చుట్టు చుట్టాడు. ఇంకా కారింది, కాకపోతే వేరే వైపు నుంచి.

"సైకిలు ట్యూబు ముక్క కోసి వాషరెయ్యి బావా," అన్నాడు బావమరిది.

"ఇది పెన్నురా, మోటారు కాదు," అని కొర్రీగారు కొవ్వొత్తి వెలిగించాడు. దారం మీద నాలుగు చుక్కలు మైనం కార్చాడు. రెండు చుక్కలు మర మీద పడ్డాయి, ఒకటి నాలిక మీద పడింది, నాలుగోది బొటనవేలి మీద పడింది. ఆ కేక విని భార్య వంటింట్లోంచి వచ్చింది. వేలి మీద చన్నీళ్ళు పోసి, గుమ్మంలో నిలబడి కాసేపు ఆ యాగం చూసింది.

"నేనొక మాట చెప్పనా?" అంది. "మీ చొక్కాలు ఉతికేది నేను. మరక ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. మీరు సోమవారం పొద్దున సిరా పోసుకుంటారు. సోమవారం చొక్కాకి మరక పిసరంత. బుధవారం చొక్కాకి అరచెయ్యంత. సిరా ఉన్నప్పుడు కాదండీ, తగ్గేకొద్దీ కక్కుతోందది. లోపల ఖాళీ ఎక్కువై, జేబులో ఒంటి వేడికి ఆ గాలి ఉబ్బి సిరాని బయటికి తోసేస్తోంది. ఒక్కసారి నిండా పోసి చూడండి. నిండు కుండ తొణకదంటారు కదా, నిండు పెన్ను మాత్రం తొణుకుతుందా?"

బావమరిది చిటికేశాడు. "అక్క చెప్పింది అక్షరాలా నిజం బావా. పంపులో గాలి చేరితే జరిగేదీ ఇదే."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఇదే మాట ఆఫీసరు చెప్పి ఉంటే కొర్రీగారు నోట్సు రాసుకునేవాడు. చెప్పింది భార్య, సాక్ష్యం చెప్పింది భార్య తమ్ముడు.

"పంపు వేరు, పెన్ను వేరు. ముప్ఫై ఏళ్ళుగా దీన్ని మోస్తున్నది నేను," అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా మీరు మోస్తున్నారు, ఇరవయ్యారేళ్ళుగా నేను ఉతుకుతున్నాను," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మైనం ఆరాక పెన్ను కారడం ఆగింది. రాయడం కూడా ఆగింది. నాలిక మీద పడ్డ మైనం సిరాకు అడ్డుపడింది. కొర్రీగారు దాన్ని గుండుసూదితో గీకాడు. పాళీ చీలికలోకి బ్లేడు దూర్చి అటూ ఇటూ ఆడించాడు. విదిలించాడు. అప్పటికే ప్రయోగానికని పోసిన ఆకుపచ్చ సిరా గోడ మీది క్యాలెండరు మీద వరసగా తొమ్మిది చుక్కలుగా పడింది. అయితే బ్లేడు దెబ్బకు చీలిక వెడల్పై పాళీ ఇప్పుడు లావుగా, ధారగా రాస్తోంది. ఆయన పొంగిపోయాడు. సాయంత్రానికి గొట్టంలో కొలిచినట్టు సగం ఆకుపచ్చ సిరా పోసి, బిగించి, గ్లాసులో నిలబెట్టాడు. అరగంట చూశాడు. చల్లటి గ్లాసులో కదలకుండా నిలబడ్డ పెన్ను ఎందుకు కక్కుతుంది? కక్కలేదు.

"చూశావా? దారం, మైనం," అన్నాడు భార్యతో, పతకం గెలిచినవాడిలా.

ఆవిడ సోమవారం పొద్దున ఆయన స్నానాల గదిలో ఉన్నప్పుడు పెన్ను తీసింది. ఆ దారం, మైనం వలిచేసి, బుడ్డిలోంచి ఫిల్లరుతో సిరా పీల్చి, గొట్టం నోటిదాకా పోసింది. గాలిబుడగ కూడా మిగలకుండా చూసుకుని, మర గట్టిగా బిగించి, తుడిచి, ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టింది.

ఆ రోజు కొర్రీగారు ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా నెలల తరబడి పేరుకున్న కట్ట ఉంది, నూట అరవై పైచిలుకు కాగితాలు. మొదటి కాగితం మీద పాళీ ఆనించాడు. ఆకుపచ్చ గీత చిక్కగా, నిండుగా పడింది. మరక లేదు. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అక్కడితో సంతకం పెట్టి ఊరుకుంటే ఆయన కొర్రీగారు ఎందుకవుతాడు? ఆఫీసరైతే పొడి సంతకం గీకి పడేసేవాడు. కొర్రీగారు ప్రతి కాగితం మీదా, 'సాంతం చదివితిని. జతపరిచిన పత్రములు సరిచూచితిని. నిబంధనలకు లోబడి ఉన్నట్లు తృప్తి చెందితిని. అనుమతించడమైనది,' అని నాలుగు వరసలు రాసి, కింద పూర్తి సంతకం పెట్టి, తేదీ వేసి, తేదీ కింద రెండు గీతలు గీశాడు. వెడల్పైన పాళీ సిరాను గటగటా తాగుతోంది. మధ్యాహ్నం మూడింటికి జేబు చూసుకున్నాడు. పొద్దుటి తెలుపు అలాగే ఉంది.

"ఏమయ్యా, చూశావా? ఆరు చుట్ల దారం, నాలుగు చుక్కల మైనం," అని అటెండరుకు జేబు చూపించాడు. అటెండరు చాలాకాలంగా ఆఫీసరు కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏం చెప్పినా ఒప్పుకునే మనిషి కాబట్టి, "తమరి చేతి మహిమ," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయ్యా, అమ్మగారు రెండింటి నుంచీ బయట బెంచీ మీదే కూర్చున్నారు," అన్నాడు.

"తెలుసు. వరసలో వస్తుంది," అన్నాడు కొర్రీగారు.

వరస ఏమిటో కూడా చెప్పాలి. ఆ పొద్దున కట్ట విప్పినప్పుడు భార్య కాగితం పైనుంచి ఏడోదిగా ఉంది. ఆయనే దాన్ని బయటికి తీసి అన్నిటికంటే అడుగున పెట్టాడు. మనవాళ్ళది ముందు చేస్తే నలుగురూ వేలెత్తి చూపిస్తారు కదా! ఆ నలుగురూ ఎవరో ఇన్నేళ్ళలో ఆయనెప్పుడూ చూడలేదు. వాళ్ళకి భయపడటం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

నాలుగూ నలభైకి ఆయన చెయ్యి కట్ట అడుక్కి చేరింది. పెన్నులో సిరా సగానికి పైగా దిగిపోయింది. ఆఫీసరు గదిలో పంకా నిదానంగా తిరుగుతోంది. పిడికిట్లో పెన్ను పొద్దుటి నుంచీ వేడెక్కి ఉంది. భార్య పేరు చదివాడు. నాలుగు వరసలూ రాశాడు. సంతకం కోసం పెన్ను ఎత్తేసరికి పాళీ కొసన ఆకుపచ్చ బొట్టు ఉబ్బింది. ఆయన చూస్తుండగానే టపీమని కాగితం మీద పడింది. చొక్కా గుండీ అంత మరక.

తర్వాత కుడిచెయ్యి తనంతట తానే వెళ్ళి పక్కనున్న కొర్రీ చీటీల దస్తా మీంచి ఒక చీటీ లాగింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఎవరు వేస్తున్నారు, ఎవరికి వేస్తున్నారు అని చెయ్యి ఆలోచించదు. 'అర్జీ మీద సిరా మర' దాకా రాసింది.

"ఆపండి."

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అటెండరు అడ్డం చెప్పే ప్రయత్నమే చెయ్యలేదు. ఆవిడ బల్ల దగ్గరికొచ్చి మరకను చూసింది, చీటీని చూసింది. మంగళవారం పొద్దుటికి పదిహేను గంటలు కూడా లేవు. ఆవిడ గొంతు పెంచలేదు.

"పొద్దున మీరు స్నానానికెళ్ళినప్పుడు నేనే నిండా పోశాను. మీ దారం, మైనం చెత్తబుట్టలో ఉన్నాయి."

ఆయన పెన్ను మర తడిమి చూశాడు. దారం తగల్లేదు. నూట అరవై కాగితాలు శుభ్రంగా దాటించింది తన మరమ్మతు కాదన్నమాట.

"నా కాగితం పొద్దున కట్టలో ఎక్కడుండేదో, ఎక్కడికి పోయిందో అటెండరు చెప్పాడు," అందావిడ. "నిండుగా ఉన్నంతసేపూ ఊరందరికీ రాశారు. సగమైపోయాక నా దగ్గరికొచ్చారు. ఇరవయ్యారేళ్ళుగా మన ఇంట్లో ఇదే కదండీ వరస. మీ ఓపికంతా ఇక్కడ ఖర్చయ్యాక మిగిలింది ఇంటికి తెస్తారు. మరకలు మాత్రం నావి."

వడ్డించేవాడు మనవాడే. కడబంతిలో కూర్చోబెట్టిందీ వాడే. అక్కడికొచ్చేసరికి గిన్నె ఖాళీ. ఈ సంగతి ఆ సామెత చెప్పినవాళ్ళకు తట్టలేదు. కొర్రీగారికి మాత్రం ఆ క్షణాన తట్టింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అక్కడ ఆయనకు అండగా నిలబడటానికి ఒక్క రూలు కూడా రాలేదు.

రూలు ఒకటి ఉంది, నిజానికి. ఆయనకది నోటికి వచ్చు. కాగితం మీద మరక గానీ, కొట్టివేత గానీ ఉంటే, ఆఫీసరు దాని పక్కన ఆకుపచ్చ సిరాతో ధ్రువీకరించి సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ రూలును ఎవరికోసమూ బయటికి తియ్యలేదు. వాడవచ్చని కూడా ఎవరికీ చెప్పలేదు.

కొర్రీ చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. పెన్నును రుమాలుతో తుడిచి, మరక పక్కన తన ముత్యాల అక్షరాలతో ఇలా రాశాడు: 'పై మరక అర్జీదారుది కాదు. నాది.' దాని కిందా, అనుమతి కిందా సంతకాలు పెట్టాడు. తేదీ వేశాడు. గీతలు గీయడం మర్చిపోయాడు.

ఆవిడ కాగితం అందుకుని ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది. "ముద్ర వేయించండి, ఐదైపోతోంది," అని మాత్రం అంది. ఆయన చెప్పకముందే అటెండరు ముద్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

యూనిఫారాల పని ఆవిడకే వచ్చింది. ముందుగదిలో బల్ల పడింది, వీధిలోకి బోర్డు వచ్చింది. గోడకు అద్దం చట్రంలో లైసెన్సు వేలాడుతోంది. కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు ఆకుపచ్చ మరకను చూసి, ఏదో పెద్ద ప్రభుత్వ ముద్ర అనుకుని గౌరవంగా చూస్తున్నారు. కొర్రీగారు ఇప్పుడు పెన్నులో గొట్టం నోటిదాకా సిరా పోస్తున్నాడు. కాస్త తగ్గగానే మళ్ళీ నింపుతున్నాడు. ఇది తన సొంత ఆలోచన అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చెప్పాడట. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

నెల తిరిగాక ఆవిడ ఆయనకొక తెల్లచొక్కా కుట్టింది. దుకాణం మొదలయ్యాక ఇంటి మనిషికి కుట్టిన మొదటి బట్ట అది. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు అచ్చంగా సరిపోయాయి. అలవాటుగా పెన్ను ఎడమవైపు పెట్టబోతే అది జారి నేల మీద పడింది.

"ఏమోయ్, జేబేదీ?"

ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది. "జేబు కావాలంటే అర్జీ పెట్టుకోండి. మార్జిను రెండు వేళ్ళు. నా వేళ్ళు."

మిషనుకు నూనె వెయ్యడానికొచ్చిన బావమరిది నవ్వు ఆపుకోలేక వీధిలోకి వెళ్ళిపోయాడు. కొర్రీగారు వంగి పెన్ను తీసుకున్నాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, ఒక తెల్లకాగితం తీసుకుని, భార్య చెయ్యి అడిగి తీసుకుని, ఆవిడ వేళ్ళు రెండు ఆనించి మార్జిను గీశాడు. జేబు ఏ వైపు కావాలో, ఎంత లోతో, ఎందుకో అంతా వివరంగా రాశాడు. ఒక్క మరక పడలేదు. రెండు చేతులతో అర్జీని ఆవిడకు అందించాడు.

ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చదివింది. తప్పేమీ దొరకలేదు. లేచి, గోడవారన పేర్చిన మూడు వందల యూనిఫారాల దొంతరను ఒక పక్కకు ఒరిగించి, కాగితాన్ని అన్నిటికంటే అడుగున పెట్టి, మళ్ళీ వచ్చి మిషను ముందు కూర్చుంది.

"వరసలో వస్తుంది," అంది.

ఆయన తల ఊపి, పెన్ను చేత్తో పట్టుకునే ఆఫీసుకు బయల్దేరాడు.